1988 డిసెంబరు: ఓటు వచ్చింది, కాలేజీ ఎన్నిక పోయింది

కాలేజీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు పెట్టాలన్న డిమాండ్ మళ్లీ విజయవాడ ధర్నా చౌక్‌కు చేరింది. అక్కడ బ్యానర్ పట్టుకున్న పిల్లల్లో ఒక్కరు కూడా కాలేజీ ఎన్నిక చూసి ఉండరు. వాళ్ల ఇళ్లలో ఎవరైనా చూసి ఉంటే అది నాన్నో, పెదనాన్నో. యాజమాన్యాలు, చాలామంది తల్లిదండ్రులు మాత్రం "మళ్లీ ఆ రోజులు వద్దు" అంటున్నారు. ఆ రోజులు ఏవి? ఈ గొడవంతా ఆ మాట చుట్టూనే తిరుగుతోంది.

1972లో ముల్కీ తీర్పు (హైదరాబాద్ ప్రాంత ఉద్యోగాల్లో స్థానికులకే చోటన్న నిబంధన చెల్లుతుందన్న సుప్రీంకోర్టు తీర్పు) తర్వాత గుంటూరు, బెజవాడ కాలేజీలు రోడ్డెక్కడం, జై ఆంధ్ర ఉద్యమం, రాష్ట్రపతి పాలన అందరికీ తెలిసినవే కాబట్టి ఇక్కడ మళ్లీ చెప్పను. నా లెక్కలో అసలు మలుపు 1988 డిసెంబరులో ఉంది. ఆ నెల 15న లోక్‌సభ, 20న రాజ్యసభ 61వ రాజ్యాంగ సవరణను ఆమోదించాయి. ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది. ఇంకో ఆరు రోజులకు, 26న, విజయవాడలో నిరాహార దీక్షలో ఉన్న ఎమ్మెల్యే వంగవీటి మోహన రంగాను దీక్షా శిబిరం దగ్గరే చంపేశారు. నగరం తగలబడింది. మంటలు గుంటూరుకూ గోదావరి జిల్లాలకూ పాకాయి. కర్ఫ్యూ పెట్టారు.

ఈ రెండింటికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. కానీ మన ఇళ్లలో రెండోదే గుర్తుండిపోయింది. అప్పటికి చాలా ఏళ్లుగా బెజవాడలో కాలేజీ యూనియన్ పదవుల చుట్టూ వర్గాలు కట్టడం, వాటి వెనక బయటి నాయకులు ఉండటం, కొట్లాటలు, హత్యలు జరుగుతూనే ఉన్నాయి. ఉమ్మడి రాష్ట్రంలో క్యాంపస్ ఎన్నికలు ఆగిపోయింది కూడా ఆ 1980ల చివర్లోనే. కారణం గొడవలే అన్నారు. ఆ తర్వాత ఎన్ని ప్రభుత్వాలు మారినా ఎవరూ వాటిని తిరిగి పెట్టలేదు. అంటే 18 ఏళ్ల పిల్లాడు దేశానికి ప్రభుత్వాన్ని ఎన్నుకోవచ్చని పార్లమెంటు ఒప్పుకున్న రోజుల్లోనే, క్లాసు ప్రతినిధిని ఎన్నుకునే అర్హత అతనికి లేదని మనం తీర్మానించుకున్నాం.

అదే కాలంలో విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇంకో మార్పు వచ్చింది. ఎంసెట్ ర్యాంకు కోసం రెసిడెన్షియల్ కాలేజీలు పెరిగాయి. 1986లో విజయవాడలో అమ్మాయిల కాలేజీగా మొదలైన శ్రీచైతన్య ఇవాళ ఎన్ని ఊళ్లలో ఉందో చెప్పక్కర్లేదు. రంగా హత్య తర్వాతి భయం ఈ పెరుగుదలకు ఊపునిచ్చిందని నా నమ్మకం. పిల్లాడు ఊళ్లో కాలేజీకి వెళ్తే ఏ గుంపులో చేరతాడోనన్న టెన్షన్ కంటే, గోడల మధ్య రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్‌లో కూర్చోవడం మేలనిపించింది. ఆ తల్లిదండ్రులను తప్పు పట్టలేను. మా నాన్నగారూ వాళ్లలో ఒకరే.

ఎన్నికల రోజుల గురించి నాకు తెలిసింది మా పెదనాన్న చెప్పగా విన్నదే. ఆయన 1979లో గుంటూరులో బీకాం చదువుతూ క్లాస్ రిప్రజెంటేటివ్‌గా పోటీ చేశారు. ఓట్ల లెక్కింపు క్లాసులోనే జరిగింది. లెక్చరర్ చాక్‌పీస్ డబ్బాలోని చీటీలను బల్ల మీద బోర్లించి ఒక్కొక్కటే విప్పి పేరు చదివేవారట. ఒక కుర్రాడు బోర్డు మీద గీతలు గీసేవాడు. నాలుగు నిలువు గీతలకు ఒక అడ్డగీత పడితే ఐదు. పెదనాన్న పేరు కింద ఆఖరి కట్టకు అడ్డగీత పడలేదు. మూడు ఓట్లతో ఓడిపోయారు. కానీ ఆయన ఎప్పుడూ చెప్పేది ఆ ఓటమి గురించి కాదు. గుంటూరులో అప్పట్లో కులానికో హాస్టల్ ఉండేది. "ఓటు అడగడానికిరా, జీవితంలో మొదటిసారి వేరే కులం వాళ్ల హాస్టల్ గడప తొక్కాను. వాళ్లు కూర్చోబెట్టి అన్నం పెట్టారు. వాళ్లకు స్కాలర్‌షిప్పు ఆర్నెల్లుగా రాలేదని అక్కడే తెలిసింది." గెలిచిన కుర్రాడు ఆ హాస్టల్ వాడే. తర్వాత ఆ స్కాలర్‌షిప్పు అర్జీ పట్టుకుని ఇద్దరూ కలిసి ప్రిన్సిపాల్ గదికి వెళ్లారు.

నాకు ఈ మొత్తం కథలో విలువైన చోటు అదే. ఓటు అవసరమైనప్పుడు మనిషి తన వాళ్లను దాటి ఇంకొకరి గుమ్మం దాకా వెళ్తాడు. వాళ్ల ఇబ్బంది ఏమిటో తెలుసుకుంటాడు. ఓడినా దాన్ని మర్చిపోలేడు. పౌరుడిగా మొదటి పాఠం అక్కడ పడుతుంది.

నేను విజయవాడ శివార్లలో ఇంటర్ చదివేనాటికి ఇవేవీ లేవు. వీకెండ్ పరీక్షలో మొదటి ర్యాంకు ఎవరిదైతే ఆ వారం క్లాస్ లీడర్ వాడే. హాస్టల్లో సాంబారు రోజూ పులిసిపోయి వస్తుంటే ఎవరికి చెప్పాలో మాకు తెలియలేదు. చివరికి పన్నెండు మందిమి ఒక కాగితం మీద రాసి, కింద ఎవరూ సంతకం పెట్టకుండా, వార్డెన్ గది తలుపు కింద నుంచి తోశాం. ఆయన మా నోటు పుస్తకాలు తెప్పించి చేతిరాత పోల్చి చూశారు. రాసినవాడు దొరికాడు. వాడి నాన్నను పిలిపించి క్షమాపణ పత్రం రాయించారు. మిగతా పదకొండు మందిమి నోరెత్తలేదు. సాంబారు అలాగే వచ్చింది. ఈ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఇక ఇవాళ్టి వాదన. యాజమాన్యాలు చెప్పేది ఇదీ: లక్షల ఫీజు కట్టేది చదువు కోసం. ఎన్నికలంటే పార్టీలు లోపలికొస్తాయి, డబ్బొస్తుంది, కులం వస్తుంది. ఆడపిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోరు. ఇందులో భయం నిజమే.

కానీ ఆ భయానికి జవాబు వచ్చి దాదాపు ఇరవై ఏళ్లు. సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పడిన లింగ్డో కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. ఆ కమిటీకి నాయకత్వం వహించిన జేఎం లింగ్డో దేశానికి ప్రధాన ఎన్నికల కమిషనర్‌గా పనిచేసినవారు. అభ్యర్థి ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు. హాజరు 75 శాతం ఉండాలి. డిగ్రీ విద్యార్థికి వయసు 17 నుంచి 22 లోపు ఉండాలి. బ్యాక్‌లాగ్స్ ఉండకూడదు. అచ్చు పోస్టర్లు కుదరవు, చేత్తో రాసినవే అంటించాలి. నామినేషన్ నుంచి ఫలితాల దాకా పది రోజుల్లో అయిపోవాలి. బెజవాడలో 1980ల్లో ఏవి చెడగొట్టాయో సరిగ్గా వాటినే ఈ నియమాలు పట్టుకున్నాయి. సుప్రీంకోర్టు అదే ఏడాది సెప్టెంబరులో వీటిని అమలు చేయమంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎన్నికలు జరుగుతూనే ఉన్నాయి. మన దగ్గర మాత్రం ఆ కాగితం ఫైల్లోనే ఉండిపోయింది.

ఎన్నికలు లేవు కాబట్టి రాజకీయం కాలేజీలోకి రాలేదా అంటే, వచ్చింది. సెల్‌ఫోన్‌లో కులం పేరుతో ఉన్న వాట్సాప్ గ్రూపుగా వచ్చింది. హీరో ఫ్లెక్సీగా, నాయకుడి పుట్టినరోజు బైక్ ర్యాలీగా వచ్చింది. ధర్నా చౌక్‌లో పిల్లలు అడుగుతున్నది ఇదే: ఇంటి నుంచి తెచ్చుకున్న పార్టీతోనే మేం బతకాలా, మా ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి, మా మెస్ గురించి మాట్లాడటానికి మాలో ఒకరిని ఎన్నుకోకూడదా? చంద్రబాబు నాయుడు ఎస్వీ యూనివర్సిటీలో, వెంకయ్యనాయుడు ఆంధ్రా యూనివర్సిటీలో విద్యార్థి నాయకులుగానే ఎదిగారు. వాళ్లు ఎక్కిన మెట్లు తమకెందుకు లేవన్నది కూడా వీళ్ల ప్రశ్న. 21 ఏళ్లకు సర్పంచిగా పోటీ చేయవచ్చు. ఆ 21 ఏళ్ల కుర్రాడికి అంతకుముందు ఎప్పుడైనా ఓట్లు అడిగిన, ఓడిపోయిన అనుభవం ఉండాలా వద్దా?

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. 2018 నుంచి ఎన్నికల సంఘం విద్యాసంస్థల్లో ఎలక్టోరల్ లిటరసీ క్లబ్బులు (ఓటు మీద అవగాహన కల్పించేవి) పెట్టిస్తోంది. 2025 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవం నాడు, అమరావతిలో విద్యార్థులతో మాక్ అసెంబ్లీ జరిగింది. పిల్లలు చక్కగా మాట్లాడారు. కానీ వాళ్లు ఎంపికై వచ్చినవాళ్లు, ఓట్లు అడిగి గెలిచి వచ్చినవాళ్లు కాదు.

2022 నుంచి ఓటు నమోదుకు ఏడాదిలో నాలుగు అర్హత తేదీలున్నాయి, అంటే ఆ తేదీకి 18 నిండి ఉంటే చాలు: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు ఒకటో తేదీలు. 17 నిండితే ముందే దరఖాస్తు పెట్టుకోవచ్చు. హాస్టల్లో ఉండే విద్యార్థి సొంత ఊళ్లో అయినా, హాస్టల్ ఉన్నచోట అయినా నమోదు చేసుకోవచ్చు. హాస్టల్ చిరునామా అయితే కాలేజీ హెడ్ ఇచ్చే ధ్రువీకరణ జతచేయాలి. ఈ సంగతి చాలామంది పిల్లలకు తెలియదు. ఈ మధ్య గూడవల్లి దగ్గర ఒక కాలేజీలో ఫారం 6 (కొత్త ఓటరు దరఖాస్తు) నింపిస్తుంటే పక్కన నిలబడి చూశాను. మాచర్ల వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి చిరునామా గడి దగ్గర ఆగింది. మూడేళ్లుగా ఇక్కడే ఉంటోంది, ఇంకో ఏడాది ఉంటుంది. "ఏ ఊరు రాయాలి మేడం?" అని అడిగింది. "నీ ఇష్టం అమ్మా, రెండూ కుదురుతాయి" అంది ఓటరు నమోదు చూసే బూత్ స్థాయి అధికారి, బీఎల్వో. ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని కాసేపు చూసింది. నాన్నను అడిగి రేపు రాస్తానని ఫారం మడిచి రికార్డు బుక్కులో పెట్టుకుంది.