వెనకబడ్డ కన్జర్వేటివ్ బరిలో ఉండాలా? 1976 నుంచి తెగని తగువు

అమెరికాలో రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిని ఎంచుకోవడానికి రాష్ట్రాలవారీగా జరిగే ప్రైమరీ ఎన్నికల్లో ఒక తగువు మళ్లీమళ్లీ వస్తుంటుంది. కన్జర్వేటివ్ (సంప్రదాయవాద) అభ్యర్థి ఒకరు వరసగా ఓడిపోతుంటారు. పార్టీ పెద్దలు తప్పుకోమంటారు. ఆయన మనుషులు మాత్రం 1976లో రోనాల్డ్ రీగన్ తప్పుకున్నారా అని అడుగుతారు.

ఆ ఏడాది రీగన్ తన పార్టీకే చెందిన అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ మీద పోటీకి దిగారు. ఫిబ్రవరి 24న న్యూహాంప్‌షైర్‌లో 1,600 లోపు ఓట్ల తేడాతో ఓడిపోయారు. తర్వాత ఫ్లోరిడా, ఇలినాయ్ కూడా పోయాయి. ప్రచారం దాదాపు 20 లక్షల డాలర్ల అప్పులో పడింది. 1974 చట్ట సవరణ ప్రకారం ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి అప్పట్లో 1,000 డాలర్లకు మించి ఇవ్వకూడదు కాబట్టి, ధనవంతుడైన మిత్రుడెవరో వచ్చి గట్టెక్కించే వీలూ లేదు. ఆయన ప్రచార సారథి జాన్ సియర్స్ అప్పటికే ఫోర్డ్ వర్గంతో విరమణ గురించి మాట్లాడటం మొదలుపెట్టారు.

నార్త్ కరోలినాలో కథ తిరిగింది. అక్కడి సెనేటర్ జెస్సీ హెల్మ్స్, ఆయన వ్యూహకర్త టామ్ ఎల్లిస్ ప్రచారాన్ని తమ చేతుల్లోకి తీసుకున్నారు. సొంత పార్టీ వాళ్లను విమర్శించకూడదన్న మొహమాటం పక్కనపెట్టి రీగన్ సూటిగా మాట్లాడారు: అమెరికా అధీనంలో ఉన్న పనామా కాలువను వదులుకోకూడదు, సోవియట్ యూనియన్‌తో విదేశాంగ మంత్రి కిసింజర్ నడిపే సర్దుబాటు ధోరణి చాలు. ఆయన అరగంట ప్రసంగాన్ని రాష్ట్రంలోని టీవీ స్టేషన్లలో వేయించారు. మార్చి 23న రీగన్‌కు 52 శాతం, ఫోర్డ్‌కు 46 శాతం ఓట్లు పడ్డాయి. మే 1న టెక్సస్ ప్రైమరీలో ఎన్నుకునే 96 మంది డెలిగేట్లనూ, అంటే పార్టీ మహాసభలో అభ్యర్థికి ఓటేసే ప్రతినిధులను, రీగనే గెలుచుకున్నారు. ఆగస్టులో కాన్సస్ సిటీ మహాసభలో ఫోర్డ్‌కు 1,187, రీగన్‌కు 1,070 డెలిగేట్ల ఓట్లు వచ్చాయి. రీగన్ ఓడిపోయారు. అయినా విదేశాంగ విధానం మీద తన వర్గం మాటను పార్టీ ప్రణాళికలో చేర్పించగలిగారు, నాలుగేళ్ల తర్వాత అధ్యక్షుడయ్యారు.

అయితే ఈ ఉదాహరణను ప్రతి పోటీకీ వర్తింపజేయడం సరికాదని నా గట్టి అభిప్రాయం. 1976లో పోరు ఇద్దరి మధ్యే. రీగన్ ఉండటం వల్ల మరో కన్జర్వేటివ్‌కు ఒక్క ఓటూ తగ్గలేదు.

2012 అలా కాదు. మిట్ రామ్నీకి ఎదురుగా కన్జర్వేటివ్‌ల ఓట్ల కోసం న్యూట్ గింగ్రిచ్, రిక్ శాంటోరమ్ ఇద్దరూ నిలిచారు. జనవరి 21న సౌత్ కరోలినాలో గింగ్రిచ్ ఘనంగా గెలిచారు. పది రోజులకే ఫ్లోరిడాలో రామ్నీ చేతిలో చిత్తయ్యారు. ఫిబ్రవరి 7న శాంటోరమ్ ఒకే రోజు మూడు రాష్ట్రాలు గెలవడంతో కన్జర్వేటివ్‌ల ఆశ అటు మళ్లింది. మార్చి 6న ఒహైయోలో రామ్నీ శాంటోరమ్‌ను ఒక్క శాతం లోపు తేడాతో దాటారు. అక్కడ గింగ్రిచ్‌కు పడ్డవి 14 శాతం పైనే. అవన్నీ శాంటోరమ్‌కే వెళ్లేవని చెప్పలేం. కానీ అంత చిన్న తేడాను చెరిపేయడానికి వాటిలో కొద్ది భాగం మొగ్గినా చాలు.

గింగ్రిచ్ వాదన వేరు. నామినేషన్‌కు కావాల్సిన 1,144 మంది డెలిగేట్లు రామ్నీకి దక్కకుండా ఇద్దరం కలిసి అడ్డుకుంటామన్నారు. ఆ ఏడాది నిబంధనలు కూడా ఆ ఆశకు ఊతమిచ్చాయి. ఏప్రిల్‌కు ముందు జరిగే చాలా పోటీల్లో డెలిగేట్లను ఓట్ల దామాషాలో పంచాలన్నారు కాబట్టి రెండో, మూడో స్థానానికీ ఎంతోకొంత దక్కేది. వీటన్నిటికీ మించి డబ్బు. 2010 కోర్టు తీర్పుల తర్వాత పుట్టిన సూపర్ ప్యాక్‌లకు, అంటే అభ్యర్థి సొంత ప్రచారానికి బయట ఉండి ఖర్చుపెట్టే సంఘాలకు, విరాళాల పరిమితి లేదు. కాసినో యజమాని షెల్డన్ ఆడెల్సన్ కుటుంబం గింగ్రిచ్ తరఫు సూపర్ ప్యాక్‌కు కోట్ల డాలర్లిచ్చింది. వెనకటి రోజుల్లో ఓడిన అభ్యర్థిని ఇంటికి పంపింది ఖాళీ ఖజానాయే. ఆ ఒత్తిడి ఇప్పుడు సడలింది, ఓటరు కాదన్నా దాత నిలబెట్టగలడు.

చివరికి శాంటోరమే ముందు, ఏప్రిల్ 10న, తప్పుకున్నారు. గింగ్రిచ్ మే 2 దాకా ఉన్నారు. ఆయన సొంత ప్రచారానికి 40 లక్షల డాలర్లకు పైగా అప్పు మిగిలింది.

2016లో డొనాల్డ్ ట్రంప్‌ను ఆపాలనుకున్నవారికీ ఓట్లు చీలే ఇదే చిక్కు. టెడ్ క్రూజ్, జాన్ కేసిక్ ఏప్రిల్ చివర్లో ఒకరికి ఒకరు దారి వదిలేలా రాష్ట్రాలు పంచుకున్నారు: ఇండియానా క్రూజ్‌కు, ఒరెగాన్, న్యూమెక్సికో కేసిక్‌కు. మే 3న ఇండియానాలో క్రూజ్ ఓడిపోయి అదే రాత్రి తప్పుకున్నారు, మర్నాడు కేసిక్.