సూర్యకాంతం అని ఎందుకు పెట్టుకోరు?

చిరంజీవులు చిట్టికి, బాబ్జీకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న పండక్కి వచ్చినప్పుడు టీవీలో ‘గుండమ్మ కథ’ సినిమాలో గయ్యాళి గుండమ్మగా వేసిన నటి సూర్యకాంతం గారిని చూస్తూ చిట్టి ఒక ప్రశ్న వేసింది. “తాతయ్యా, సూర్యకాంతం అంటే పువ్వు పేరు కదా, ఎంత బాగుంది! మరి మా స్కూల్లో ఒక్కళ్ళకీ ఆ పేరు లేదేం?” మీ నాయనమ్మ పకపకా నవ్వింది. నేను జంతికలు నములుతూ తప్పించుకున్నాను. మీరు వెళ్ళిన దగ్గర్నుంచీ అదే బుర్రలో తిరుగుతోంది.

ముందు పేరు సంగతి. ఆ పువ్వును మన పల్లెల్లో పొద్దుతిరుగుడు అంటారు. పాత కావ్యాల్లో సూర్యకాంతం అంటే ఒక రాయి. వెన్నెలకు చంద్రకాంతం కరుగుతుందనీ, ఎండకు సూర్యకాంతం నిప్పు కక్కుతుందనీ కవులు రాశారు. ఆ రాయిని నేను చూడలేదు గానీ, దాని పని చేసే వస్తువు మా ఇంట్లోనే ఉండేది. శుక్లాలు తీయించుకున్నాక మా తాతగారికి ఇచ్చిన దళసరి కళ్ళజోడు!

వేసవి మధ్యాహ్నం ఆయన కునుకు తీయగానే దాన్ని పట్టుకుని అరుగు మీదికి చేరేవాణ్ణి. అద్దాన్ని ఎండకు పట్టి, కింద కాగితం పెట్టి, పైకీ కిందకీ జరుపుతుంటే ఒక చోట వెలుగంతా ఆవగింజంత చుక్కయి కూర్చుంటుంది. సన్నగా పొగ, తర్వాత గోధుమరంగు మచ్చ, ఆ తర్వాత చిల్లు. ఆ కాగితం పంచాంగంలోదని ఆలస్యంగా తెలిసింది. సరిగ్గా ఆషాఢమాసం కాలిపోయింది. ఆషాఢంలో అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదంటారు కదా, ఈ ఏడు మనింట్లో ఆ బాధ లేదులే అని మా అమ్మ నవ్వింది. తాతగారు నవ్వలేదని నా వీపు చెబుతుంది. (మీరు పెద్దవాళ్ళు లేకుండా ఈ పని చేయకండి. అద్దంలోంచి సూర్యుణ్ణి అసలు చూడకండి.)

సూర్యకాంతం గారు చేసింది కూడా ఇదే. చిరాకు, సాధింపు, పిసినారితనం ప్రతి ఇంట్లోనూ తలా కాస్త ఉంటాయి, పరుచుకున్న ఎండలాగా. దానికి ఏమీ కాలదు. ఆవిడ తెలుగు ఇళ్ళలోని సాధింపునంతా పట్టుకొచ్చి ఒక్క చుక్క చేసి తెర మీద పెట్టింది. అద్దం మరీ దగ్గరగా పెట్టినా, మరీ దూరంగా పెట్టినా కాగితం అంటుకోదు. ఆవిడకి ఆ దూరం తెలుసు. ఇంకొంచెం ఇటైతే చూసేవాళ్ళకి ఏడుపొస్తుంది, ఇంకొంచెం అటైతే ఆవులింత వస్తుంది.

పుట్టింది 1924 అక్టోబరులో, కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో. కాకినాడంటే అప్పట్లో నాటకాల ఊరు. ఎస్వీ రంగారావు, అంజలీదేవి అక్కడి యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బులో వేషాలు కట్టినవాళ్ళే. ఈవిడా చిన్నప్పుడే పాటా, నాట్యమూ నేర్చుకుని మద్రాసు వెళ్ళింది. జెమినీ స్టూడియో వాళ్ళు ‘చంద్రలేఖ’లో డాన్సు చేయడానికి నెలకు 65 రూపాయలిచ్చారట. ఇదేం జీతం అని అడిగితే 75 చేశారట. హీరోయిన్ వేషం ఒకటి చేతిదాకా వచ్చి, కారు ప్రమాదంలో ముఖానికి దెబ్బ తగలడంతో జారిపోయింది. తర్వాత 1950లో ‘సంసారం’ సినిమాలో గయ్యాళి అత్త వేషం. అప్పుడావిడకి నిండా పాతికేళ్ళే!

బాబ్జీ, నీకు లెక్కలిష్టం కదా, ఇది చూడు. ‘గుండమ్మ కథ’ 1962లో వచ్చింది. అందులో గుండమ్మ అల్లుళ్ళు ఎన్టీఆర్, ఏఎన్నార్. ఒకాయన పుట్టింది 1923 మేలో, రెండో ఆయన 1924 సెప్టెంబరులో. అల్లుళ్ళిద్దరూ అత్తగారికంటే పెద్దవాళ్ళే! ‘మాయాబజార్’లో ఇంకా చిత్రం. అందులో హిడింబి ఈవిడే, హిడింబి కొడుకు ఘటోత్కచుడిగా వేసిన రంగారావు గారు 1918లో పుట్టారు. తల్లికంటే కొడుకు ఆరేళ్ళు పెద్ద. అయినా ఎవరికీ అనుమానం రాలేదు.

నేను ‘గుండమ్మ కథ’ మా ఊళ్ళో డేరా హాల్లో చూశాను. కొత్త సినిమా మా ఊరు చేరేసరికి ఏడాది దాటేది. ఒకటే మిషను, రీలు మార్చినప్పుడల్లా ఇంటర్వెల్లు. నేల క్లాసులో ఆడవాళ్ళ వైపు నుంచి “దీని నోరు పడ!” అని శాపనార్థాలు. అందరికంటే గట్టిగా తిట్టింది మా పక్కింటి పెద్దమ్మ. మర్నాడు పొద్దున్నే ఆవిడే కోడలి మీద లేస్తుంటే గోడ మీంచి చూశాను. అదే ఎడం చెయ్యి తిప్పడం, అదే ఓరచూపు! సూర్యకాంతం గారిది ఎడంచేతి వాటంలే, పెద్దమ్మది కుడిచేతి వాటం. ఎప్పుడు నేర్చుకుందో మరి.

ఇంకోటి చెప్పాలి. కాగితం కాలుతున్నా అద్దం చల్లగానే ఉంటుంది, తాకి చూశాను. షూటింగుకి వస్తే ఆవిడ క్యారేజీల నిండా వంటలు తెచ్చి అందరికీ వడ్డించేదని ఆ కాలంవాళ్ళంతా చెబుతారు. పెద్ద నటుడు నాగయ్య గారిని నోటికొచ్చినట్టు తిట్టే సీను చేసి, షాట్ అవగానే ఆయన కాళ్ళ మీద పడి క్షమించమందని కూడా చెప్పుకుంటారు. జనానికి ఇదేం కనబడుతుంది? వాళ్ళకి కనబడింది కాలిన చిల్లు. అందుకే చిట్టీ, ఆ పేరు పిల్లలకి పెట్టడం మానేశారు. మంచి పేరు, పాపం.

అంత కోపంలోంచి నవ్వెలా వస్తుందో మాత్రం నాకు చెప్పడం చేతకాదు. అద్దం సంగతైతే మీ సైన్సు టీచరు చెప్పగలరు, ఇది ఆయన వల్లా కాదు. ఒక పని చేయండి. ఆ సినిమా మళ్ళీ పెట్టుకుని, గుండమ్మ తిట్టే చోట సౌండు పూర్తిగా తీసేయండి. మాట వినబడదు. ఆ ఎడం చేతినే చూడండి. నవ్వొచ్చిందో లేదో నాకు ఫోన్ చేసి చెప్పండి.

కాఫీ చల్లారిపోతోందని మీ నాయనమ్మ గుమ్మంలో నిలబడి పిలుస్తోంది. ఎడం చెయ్యి తిప్పుతూనే.

మీ
తాతయ్య