గంప దిగని నల్లపెట్ట

మా పెరట్లో నల్లపెట్ట పన్నెండు గుడ్లు పెట్టి ఆపేసింది. రోజంతా మూలనున్న గంపలోనే కూర్చుంటుంది, దగ్గరికెళ్తే ఈకలు ఉబ్బించి గుర్రుమంటుంది, చెయ్యి చాపితే పొడుస్తుంది. ఎలాగో కడుపు కింద తడిమితే గుడ్డు లేదు గానీ, అక్కడ ఈకలు రాలి చర్మం బయటపడింది, వేడిగా తగిలింది. జబ్బేమీ లేదు, పొదగడానికి కూర్చుంది.

కోడి గుడ్లు ఆపేసిందనగానే చాలామంది నెట్‌లో చదివి గూట్లో బల్బు పెట్టేస్తున్నారు. ఆ సలహా చలిదేశాల వాళ్లది. వెలుగు కోడికి కంటితోనే కాదు, పుర్రె గుండా కూడా మెదడుకు చేరుతుంది. అక్కడి కణాలు పగటి పొడవును బట్టి గుడ్లకు కావాల్సిన హార్మోన్లను కదిలిస్తాయి, 14 గంటల వెలుగుంటే పెట్టలు జోరుగా పెడతాయి. లండన్‌లో డిసెంబరు చివర పగలు 8 గంటలు కూడా ఉండదు కాబట్టి అక్కడ బల్బు అవసరమే. హైదరాబాద్‌లో అదే రోజుల్లో సుమారు 11 గంటలుంటుంది. అందుకే మన నాటుకోడి విషయంలో ముందు చూడాల్సింది పెట్ట పొదగడానికి కూర్చుందా అన్నదే అంటాను.

పొదిగే పెట్టలో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరిగి, అండాశయం ముడుచుకుపోతుంది. కడుపు చర్మానికి గుడ్లు తగులుతున్నంతకాలం ఆ హార్మోన్ తగ్గదు. 21 రోజులు పొదిగి, ఆపైన పిల్లల్ని వెంటేసుకుని వారాల తరబడి తిరిగాక గానీ మళ్లీ గుడ్డు పెట్టదు, నాటుకోడి గుడ్లు ఏడాదికి వందలోపే ఉండటానికి పెద్ద కారణం ఇదే. గుడ్ల కోసమే పెంచే లెగ్‌హార్న్ జాతి కోళ్లలో ఈ పొదిగే గుణాన్ని తరతరాలుగా ఏరేశారు గనక అవి మూడొందల దాకా పెడతాయి. కొన్ని ఊళ్లలో పొదుగు మానిపించడానికి ముక్కులో ఈక గుచ్చుతారు. దయచేసి ఆ పని చెయ్యొద్దు. గంప తీసేసి, కింద గాలి ఆడే జాలీ బోనులో మేత, నీళ్లు పెట్టి నాలుగైదు రోజులుంచితే చాలావరకు అదే మానేస్తుంది.

ఎండాకాలం సంగతి వేరు. కోడికి చెమట పట్టదు, నోరు తెరిచి ఎగశ్వాస తీస్తూనే ఒళ్లు చల్లబరచుకోవాలి, మేత తగ్గించేస్తుంది, పెంకు పలచబడుతుంది, చివరికి గుడ్డే ఆగిపోతుంది. నీడ, చల్లటి నీళ్లు తప్ప దీనికి మందు లేదు. ఒంటినిండా ఈకలు రాలుస్తుంటే మాత్రం తొందరపెట్టకండి, ఈక దాదాపు అంతా ప్రొటీనే, కొత్త ఈకలు తొడగడానికే దాని తిండి సరిపోతుంది. ఒట్టి నూకలతో బతికే కోడికి ప్రొటీనూ చాలదు, సున్నమూ చాలదు. ఒక్క పెంకుకే సుమారు 2 గ్రాముల కాల్షియం పోతుంది, మేతలో దొరక్కపోతే తన ఎముకల్లోంచే తీస్తుంది. అందుకే నేను ఆల్చిప్పలు దంచి విడిగా ఓ చిప్పలో పెడతాను.

అనుమానముంటే పెట్టను చంకలో పెట్టుకుని, వెనక భాగంలో తగిలే రెండు సన్నటి ఎముకల మధ్య వేళ్లు పెట్టి చూడండి. రెండు మూడు వేళ్లు పడితే పెడుతున్నట్టే, ఏ గడ్డివాములోనో దాస్తోందేమో వెతకాలి. ఒక్క వేలే పడితే ఆగినట్టు.

నల్లపెట్టను మాత్రం నేను లేపలేదు. పుంజున్న పక్కింటివాళ్ల దగ్గర పది గుడ్లు తెచ్చి కింద పెట్టాను, ఇవాళ్టికి పద్దెనిమిదో రోజు.