తిరగని మోటారు ఎట్టా అరిగింది?

పిల్లలూ,

కావలి దగ్గర మా తమ్ముడి రొయ్యల గుంటల కాడ జనరేటర్ పక్కనే, అదే ఇనుప చట్రం మీద, ఒక స్పేర్ మోటారు ఆరు నెలలుగా ఊరికే పడి ఉంది. మొన్న గుంట నీళ్లలో గాలి కలిపే ఏరేటర్‌కి బిగించి స్విచ్ వేస్తే గరగరమంది. విప్పి చూస్తే బేరింగ్‌లో గోళీలు కూర్చున్న చోటల్లా సన్నటి గుంటలు, పక్కన ఇటుకపొడి రంగు దుమ్ము. మనవరాలు అడిగింది: "తాతా, తిరగనే లేదు గదా, ఎట్టా అరిగింది?"

కొత్త చెప్పు కరవడం మీకు తెలుసు. మడమ దగ్గర ఆ పట్టీ ఎంత జరుగుతుందని? ఉన్నచోటే అటూ ఇటూ కదులుతుంది, అంతే. అయినా సాయంత్రానికి బొబ్బ. ఇక్కడా అంతే. జనరేటర్ రాత్రంతా అదురుతుంటే గోళీలు కూర్చున్న చోటే, వెంట్రుక మందం కూడా జరక్కుండా, రాసుకుంటాయి. చెప్పు కరిచిన చోట అమ్మ కొబ్బరినూనె రాస్తుంది, బేరింగ్‌కి గ్రీజు. నాలుగడుగులు వేస్తే నూనె తుడిచిపెట్టుకుపోతుంది, మళ్లీ రాయాలి. మోటారు తిరుగుతుంటే గోళీలే గ్రీజును మళ్లీ తమ దారిలోకి లాక్కుంటాయి. ఊరికే అదురుతుంటే పక్కకు నలిగిపోయిన గ్రీజు వెనక్కి రాదు. అప్పుడు ఇనుము ఇనుముకు తగిలి నలుసు రాలుతుంది, నలుసుకు గాలి తగిలి తుప్పవుతుంది. ఆ తుప్పు ఇనుముకన్నా గట్టిది. చెప్పులో ఇసుక పడ్డట్టే. గ్రీజు నిలిచి ఉంటే గాలిని కూడా రానివ్వదు.

1930ల్లో అమెరికాలో కొత్త కార్లను రైళ్ల మీద దూరం పంపితే, రోడ్డెక్కని చక్రాల బేరింగులు దిగేసరికే పాడయ్యేవి. గ్రీజు బిగుసుకుపోయే చలికాలంలో మరీను.

మా నాయన బండికి కందెన నేనే వేసేవాణ్ణి. గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి, వెదురు గొట్టంలో పోసి బండి కింద వేలాడదీసేవాళ్లం. చక్రం ఊడకుండా ఇరుసు చివర పెట్టే కడసీల తీసి, చక్రం కాస్త బయటికి లాగి, ఇరుసు చుట్టూ పుల్లతో పూయాలి. మూడు రోజులు అన్నం ముద్దలో కూడా ఆముదం వాసనే. ఒకసారి జొన్నవాడ తిరునాళ్లకు పోతూ ఆటల్లో పడి మరిచిపోయాను. "కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అన్నారు దారిన పోయేవాళ్లు. నాయన తిట్టలేదు. బండి ఆపి, గొట్టం నా చేతికిచ్చాడు. నోరులేని వాటి అవసరం మనమే కనిపెట్టుకోవాలి పిల్లలూ.

స్పేర్ మోటారును ఇప్పుడు జనరేటర్‌కి దూరంగా, రబ్బరు షీటు మీద పెట్టించాను. వారానికోసారి మనవరాలు షాఫ్టును చేత్తో తిప్పుతుంది.

రొయ్యల లారీ ఆగినప్పుడు, డ్రైవరన్నను అడిగి, లారీ కింద ఇనుప పట్టీలు పేర్చిన స్ప్రింగులు, అవే కమాన్ కట్టలు, వాటి పక్కన చూడండి. పట్టీల సందుల్లో ఎర్రటి పొడి కనిపిస్తే వేలికి తీసుకుని రుద్ది చూడండి.

మీ తాత