ఒకే లినక్స్ మెషిన్‌లో నాలుగు డేటాబేస్ సర్వర్లు: అపోహలు - వాస్తవాలు

మారతహళ్లిలోనో బీటీఎం లేఅవుట్‌లోనో డీబీఏ (డేటాబేస్ నిర్వహణ) కోర్సు చేసి ఇంటర్వ్యూకు వచ్చే మన తెలుగు పిల్లలు రెప్లికేషన్ (ఒక సర్వర్ డేటాను ఇంకో సర్వర్‌కు ఎప్పటికప్పుడు చేర్చడం) గురించి గడగడా చెప్పేస్తారు. "సరే, ఈ మెషిన్‌లో ఇప్పటికే ఒక మైఎస్‌క్యూఎల్ నడుస్తోంది. పక్కన ఇంకొకటి లేపు" అంటే మాత్రం తడుముకుంటారు. తప్పు వాళ్లది కాదు. ల్యాబ్‌లో ఒక వర్చువల్ మెషిన్, అందులో ఒక సర్వర్, అంతే నేర్పుతారు. బెంగళూరు ఆఫీసుల్లో లెక్క వేరు. టెస్టింగ్ వాళ్లకు పాత వెర్షన్ కావాలి, డెవలపర్లకు కొత్తది కావాలి, రిపోర్టుల టీముకు విడిగా ఒకటి కావాలి. అన్నిటికీ కలిపి మేనేజర్ ఇచ్చేది ఒక్క మెషిన్. అందులో విడివిడిగా నడిచే ఒక్కో సర్వర్‌నే ఇన్‌స్టెన్స్ అంటాం. ఈ సర్దుబాటు చుట్టూ బోలెడు నమ్మకాలు తిరుగుతుంటాయి. నాకు తరచుగా ఎదురయ్యేవి రాస్తున్నాను. నా పని ఎక్కువగా మైఎస్‌క్యూఎల్ మీద, కొంత పోస్ట్‌గ్రెస్ మీద. ఉదాహరణలు కూడా అక్కడివే.

అపోహ: పోర్ట్ మారిస్తే చాలు, రెండో ఇన్‌స్టెన్స్ రెడీ

మైఎస్‌క్యూఎల్ డిఫాల్ట్ పోర్ట్ 3306 తీసి 3307 పెడితే పనైపోదు. డేటా డైరెక్టరీ, సాకెట్ ఫైల్ (అదే మెషిన్‌లోని ప్రోగ్రాములు సర్వర్‌తో మాట్లాడే దారి), పిడ్ ఫైల్ (ప్రాసెస్ నంబర్ ఉండేది), ఎర్రర్ లాగ్ దేనికది వేరుగా ఉండాలి. తాత్కాలిక ఫైళ్ల డైరెక్టరీ కూడా విడిగా పెట్టుకోండి. డిస్క్ నిండిపోయిన రోజు ఆ పెద్ద ఫైల్ ఏ సర్వర్ సృష్టించిందో వెతుక్కునే పని తప్పుతుంది. మైఎస్‌క్యూఎల్ 8.0 నుంచి ఇంకో చిక్కు ఉంది. ఎక్స్ ప్లగిన్ అనే అదనపు భాగం డిఫాల్ట్‌గా 33060 పోర్ట్ తీసుకుంటుంది. రెండో ఇన్‌స్టెన్స్ లేచేసరికి ఆ పోర్ట్ ఖాళీగా ఉండదు. సర్వర్ ఆగిపోదు, ఎర్రర్ లాగ్‌లో ఒక లైను రాసి ముందుకు పోతుంది. ఆ లాగ్ చదివే ఓపిక ఎవరికీ ఉండదు కాబట్టి విషయం అక్కడే ఉండిపోతుంది. ఆ ప్లగిన్ వాడకపోతే ఆపేయండి, వాడితే దానికీ వేరే పోర్ట్ ఇవ్వండి.

డేటా డైరెక్టరీ మాత్రం పొరపాటున కూడా ఇద్దరికీ ఒకటే కాకూడదు. మైఎస్‌క్యూఎల్ స్టోరేజ్ ఇంజిన్ ఇన్నోడీబీ తన సిస్టమ్ టేబుల్‌స్పేస్ ఫైల్‌కు లాక్ వేసుకుంటుంది. రెండో సర్వర్ ఆ లాక్ దొరక్క, ఎర్రర్ 11 అని లాగ్‌లో మొత్తుకుని ఆగిపోతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఈ కాపలా పని డేటా డైరెక్టరీలోని పోస్ట్‌మాస్టర్ పిడ్ ఫైల్ చేస్తుంది. "స్టార్ట్ కావట్లేదన్నా, ఆ ఫైల్ తీసేశాను" అని ఎవరైనా చెబితే నాకు బీపీ పెరుగుతుంది. ముందు చూడాల్సింది ఆ డైరెక్టరీ మీద పాత ప్రాసెస్ ఇంకా బతికి ఉందా అని.

అపోహ: కమాండ్‌లో 3307 ఇచ్చాను కాబట్టి 3307కే వెళ్లాను

ఇది ప్రమాదకరమైనది, ఎందుకంటే ఎర్రర్ ఏమీ రాదు. లినక్స్‌లో మైఎస్‌క్యూఎల్ క్లయింట్‌కు హోస్ట్ పేరు లోకల్‌హోస్ట్ అని ఇస్తే, అది టీసీపీ జోలికే పోదు. సాకెట్ ఫైల్ ద్వారా వెళ్తుంది. మీరు పక్కనే పోర్ట్ నంబర్ రాసినా దాన్ని పట్టించుకోదు. డిఫాల్ట్ సాకెట్ మొదటి ఇన్‌స్టెన్స్‌ది. అంటే టెస్ట్ సర్వర్ అనుకుని మీరు కొట్టిన డ్రాప్ టేబుల్ అసలు సర్వర్‌లో పడుతుంది.

లోకల్‌హోస్ట్ బదులు 127.0.0.1 ఇవ్వండి, లేదా ప్రోటోకాల్ టీసీపీ అని స్పష్టంగా చెప్పండి, లేదా సాకెట్ దారి మొత్తం రాయండి. లాగిన్ అయ్యాక పోర్ట్, డేటా డైరెక్టరీ వేరియబుల్స్ రెండూ అడిగి చూడటం అలవాటు చేసుకోవాలి. ఇంకా మంచిది, క్లయింట్ ప్రాంప్ట్‌లోనే పోర్టో సాకెట్టో కనిపించేలా సెట్ చేసుకోవడం. మా టీములో కొత్తగా చేరిన వాళ్లతో మొదటి రోజు చేయించే పని ఇదే. పోస్ట్‌గ్రెస్‌లో ఈ గొడవ లేదు. సాకెట్ ఫైల్ పేరులోనే పోర్ట్ నంబర్ ఉంటుంది కాబట్టి 5433 అడిగితే 5433కే పోతారు.

అపోహ: ఇన్‌స్టెన్స్‌లు వేరు చేశాం కదా, ఒకరి భారం ఇంకొకరి మీద పడదు

అన్నిటికన్నా పెద్ద అపోహ ఇదే. బెంగళూరులో పీజీ హాస్టల్లో ఉన్నవాళ్లకు చెప్పనక్కర్లేదు: గదులు వేరు, తాళాలు వేరు, పైన నీళ్ల ట్యాంకు మాత్రం ఒకటే. ఇన్‌స్టెన్స్ వేరైతే యూజర్లు, సెట్టింగులు, వెర్షన్, రీస్టార్ట్ వేరవుతాయి. ర్యామ్, డిస్క్, సీపీయూ, కెర్నల్ అలాగే ఉమ్మడిగా ఉంటాయి.

ముందు ర్యామ్ సంగతి. బఫర్ పూల్‌కు (డేటాను ర్యామ్‌లో ఉంచుకునే చోటుకు) మెమరీలో 80 శాతం దాకా ఇవ్వొచ్చన్న సలహా అందరికీ కంఠస్థం. ఆ సలహా మెషిన్ మొత్తం ఒక్క మైఎస్‌క్యూఎల్‌కే కేటాయించినప్పటిది. మైఎస్‌క్యూఎల్ 8.0లో డెడికేటెడ్ సర్వర్ అనే సెట్టింగ్ ఒకటుంది. అది ఆన్ చేస్తే సర్వర్ తనంతట తానే మెషిన్ మెమరీ చూసి, 4 జీబీ దాటిన మెషిన్లలో 75 శాతం బఫర్ పూల్‌కు తీసుకుంటుంది. 64 జీబీ మెషిన్‌లో అది 48 జీబీ. రెండు ఇన్‌స్టెన్స్‌లలోనూ ఆన్ చేస్తే 96. మెషిన్ పంచుకునే చోట దాన్ని వాడొద్దని మైఎస్‌క్యూఎల్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది.

తమాషా ఏమిటంటే, ఇలా పెట్టినా రెండూ హాయిగా స్టార్ట్ అవుతాయి. లినక్స్ అడిగినంత మెమరీకి తలూపేస్తుంది. ప్రోగ్రామ్ ఆ పేజీలను నిజంగా తాకినప్పుడే లెక్కలోకి వస్తుంది. అందుకే మొదటి కొన్నాళ్లు అంతా బాగుంటుంది. నెలాఖరు రిపోర్టులు నడిచి రెండు బఫర్ పూల్స్ నిండిన రాత్రి ఓఓఎం కిల్లర్ (మెమరీ అయిపోతే ప్రాసెస్‌ను చంపే కెర్నల్ భాగం) దిగుతుంది. అది తప్పు చేసినవాడిని వెతకదు, ప్రధానంగా ఎవరు ఎక్కువ మెమరీ పట్టుకున్నారో చూస్తుంది. అలా చూస్తే చచ్చేది మామూలుగా మీ ముఖ్యమైన సర్వరే.

నా పద్ధతి ఇది. 64 జీబీ మెషిన్ అయితే అన్ని బఫర్ పూల్స్ కలిపి 40 జీబీ దాటనివ్వను. మిగతాది ఆపరేటింగ్ సిస్టమ్‌కు, బ్యాకప్‌లకు, కనెక్షన్లకు. కనెక్షన్లను చాలామంది లెక్కలోకే తీసుకోరు. సార్ట్ బఫర్, జాయిన్ బఫర్ లాంటివి ప్రతి కనెక్షన్‌కూ విడిగా ఖర్చవుతాయి. మాక్స్ కనెక్షన్స్ డిఫాల్ట్ 151. నాలుగు ఇన్‌స్టెన్స్‌లంటే 600 పైన. పోస్ట్‌గ్రెస్‌లో వర్క్ మెమ్ ఇంకా చిక్కుది, ఒకే క్వెరీలో సార్ట్‌కు ఒకసారి, హ్యాష్‌కు ఇంకోసారి తీసుకోగలదు.

నిజంగా గోడ కట్టాలంటే ఆ పని డేటాబేస్‌ది కాదు, లినక్స్‌లో సర్వీసులను నడిపే సిస్టమ్‌డీది. ఒక్కో ఇన్‌స్టెన్స్ సర్వీస్‌కు మెమరీమ్యాక్స్ పెడితే, హద్దు దాటినప్పుడు ఆ సీగ్రూప్‌లోని (ఆ సర్వీస్ గుంపులోని) ప్రాసెస్ మాత్రమే చస్తుంది, పక్కది బతుకుతుంది. సీపీయూవెయిట్ పెడితే రద్దీ ఉన్నప్పుడు ఎవరికి ఎంత వాటా అన్నది తేలుతుంది. పోస్ట్‌గ్రెస్‌కు మెమరీమ్యాక్స్ పెట్టేటప్పుడు చెయ్యి కొంచెం ధారాళంగా ఉండాలి. అది చదివే ఫైళ్ల పేజీ కాష్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. పోస్ట్‌గ్రెస్ బతికేదే ఆ కాష్ మీద.

ఇక డిస్క్. ప్రతి కమిట్‌కూ లాగ్‌ను డిస్క్‌కు చేర్చే సెట్టింగులు ఉన్న రెండు సర్వర్లు ఒకే డిస్క్ మీద ఉంటే, రెండిటి ఎఫ్‌సింక్‌లూ (డిస్క్‌కు రాసేయమనే పిలుపులు) ఒకే క్యూలో నిలబడతాయి. టెస్ట్ ఇన్‌స్టెన్స్‌లో ఎవరో ఒక పెద్ద టేబుల్‌కు ఇండెక్స్ కడుతుంటే, పక్క ఇన్‌స్టెన్స్‌లో పేమెంట్ కమిట్‌లు నెమ్మదిస్తాయి. పేమెంట్ టీము క్వెరీలన్నీ తిరగేస్తారు, అక్కడ ఏమీ దొరకదు. వీలైతే ముఖ్యమైన ఇన్‌స్టెన్స్‌కు వేరే డిస్క్ ఇప్పించండి. అదనపు ర్యామ్ కన్నా దీని కోసం గట్టిగా అడగమంటాను.

అపోహ: రెప్లికా ఉంది కదా, అదే మెషిన్ అయితే ఏం

మెషిన్ పోతే రెండూ పోతాయి. దీని మీద ఇంకేం రాయను.

కానీ అదే మెషిన్‌లో రెప్లికా పూర్తిగా పనికిరానిది అనుకోవద్దు. ఆలస్యంగా నడిచే రెప్లికాకు నా ఓటు. సోర్స్ డిలే 3600 అని పెడితే అది గంట వెనక నడుస్తుంది. ఎవరైనా వేర్ క్లాజ్ లేకుండా డిలీట్ కొట్టినా, గంటలోపు మేలుకుంటే పాత డేటా ఆ రెప్లికాలో దొరుకుతుంది. హార్డ్‌వేర్ నుంచి కాపాడదు, మన చేతుల నుంచి కాపాడుతుంది.

దాన్ని తయారుచేసేటప్పుడు ఒక విషయం చూసుకోవాలి. సర్వర్‌ను ఆపి, డేటా డైరెక్టరీని కాపీ చేసి రెండో ఇన్‌స్టెన్స్ లేపితే ఆటో డాట్ సీఎన్‌ఎఫ్ ఫైల్ కూడా కాపీ అవుతుంది. సర్వర్ యూయూఐడీ (సర్వర్ గుర్తింపు సంఖ్య) ఉండేది అందులోనే. ఇద్దరికీ ఒకే యూయూఐడీ ఉంటే రెప్లికేషన్ మొదలుకాదు. కాపీలోని ఆ ఫైల్ తీసేస్తే స్టార్ట్ అయ్యేటప్పుడు కొత్తది పుడుతుంది. సర్వర్ ఐడీ కూడా మార్చాలి, 8.0లో దాని డిఫాల్ట్ 1. ఇంకొకటి ఎవరికీ గుర్తుండదు: సెట్ పర్సిస్ట్ కమాండ్‌తో ఎప్పుడో మార్చిన విలువలు డేటా డైరెక్టరీలోని మైఎస్‌క్యూఎల్‌డీ-ఆటో డాట్ సీఎన్‌ఎఫ్‌లో ఉంటాయి. అదీ కాపీతో పాటే వస్తుంది, కాన్ఫిగ్ ఫైల్‌లో మీరు రాసిన దాన్ని తోసేస్తుంది. బఫర్ పూల్ 4 జీబీ అని రాశాం, 30 ఎందుకు చూపిస్తోంది అని జుట్టు పీక్కునేది ఇక్కడే.

అపోహ: అందరికీ అన్ని అనుమతులూ (777) ఇచ్చినా పర్మిషన్ డినైడ్ అంటోంది, ఇది లినక్స్ బగ్

అది ఎస్‌ఈలినక్స్, లేదా ఉబుంటు అయితే యాప్‌ఆర్మర్. ఇవి లినక్స్‌లో అదనపు భద్రతా కాపలాలు. మామూలు పర్మిషన్లతో వాటికి సంబంధం లేదు. రెడ్ హ్యాట్ కుటుంబంలో మైఎస్‌క్యూఎల్‌కు అనుమతించిన పోర్టుల జాబితాలో 3306 ఉంటుంది, 3307 ఉండదు. సెమేనేజ్ కమాండ్‌తో ఆ పోర్ట్‌కు మైఎస్‌క్యూఎల్ పోర్ట్ టైప్ తగిలించాలి. కొత్త డేటా డైరెక్టరీకి మైఎస్‌క్యూఎల్ డీబీ టైప్ ఇచ్చి రీస్టోర్‌కాన్ నడపాలి. ఉబుంటులో యాప్‌ఆర్మర్ ప్రొఫైల్ లోకల్ ఫైల్‌లో కొత్త దారులు రాసి రీలోడ్ చేయాలి. మొత్తం పది నిమిషాల పని. ఆ పది నిమిషాలకు బద్ధకించి ఎస్‌ఈలినక్స్‌నే ఆపేసిన సర్వర్లు ఊరి నిండా ఉన్నాయి. 777 సంగతి సరేసరి, డేటా డైరెక్టరీకి అది ఎప్పుడూ ఇవ్వకండి.

అపోహ: ఓపెన్ ఫైళ్ల పరిమితి లిమిట్స్ డాట్ కాన్ఫ్‌లో పెంచితే సరి

ఆ ఫైల్ లాగిన్ సెషన్లకు. సిస్టమ్‌డీ లేపే సర్వీసులు దాన్ని చూడవు. సర్వీస్ యూనిట్ ఫైల్‌లో లిమిట్‌నోఫైల్ పెంచాలి.

అపోహ: చాలా ఇన్‌స్టెన్స్‌లంటే మైఎస్‌క్యూఎల్‌డీ మల్టీ స్క్రిప్ట్ తప్పదు

ఒకప్పుడు అంతే. సిస్టమ్‌డీ వచ్చాక టెంప్లేట్ యూనిట్ ఉంది, సర్వీస్ పేరులో యాట్ గుర్తు తర్వాత ఇన్‌స్టెన్స్ పేరు రాస్తే చాలు. రెడ్ హ్యాట్ వైపు ఆర్‌పీఎం ప్యాకేజీల్లో అది సిద్ధంగానే వస్తుంది. ఒక్క జాగ్రత్త: కాన్ఫిగ్‌లో మామూలు మైఎస్‌క్యూఎల్‌డీ గ్రూపు కింద రాసినవన్నీ ప్రతి ఇన్‌స్టెన్స్‌కూ వారసత్వంగా వస్తాయి. బఫర్ పూల్ లాంటివి అక్కడ రాయకుండా, ఇన్‌స్టెన్స్ పేరున్న గ్రూపుల్లోనే రాయండి. డెబియన్, ఉబుంటుల్లో పోస్ట్‌గ్రెస్ వాళ్లకు ఇంకా సుఖం. పీజీ లిస్ట్ క్లస్టర్స్ కొడితే ఏ వెర్షన్ ఏ పోర్ట్‌లో ఉందో పట్టిక వస్తుంది. కొత్త మేజర్ వెర్షన్ ఇన్‌స్టాల్ చేస్తే పాతదాని పక్కనే, మామూలుగా 5433లో లేస్తుంది. అప్లికేషన్ ఇంకా 5432కే వెళ్తూ, కొత్త వెర్షన్‌లో ఏమీ మారలేదేమిటని ఆశ్చర్యపోయే వాళ్లు కూడా ఉంటారు.

అపోహ: ప్రతి అప్లికేషన్‌కూ ఒక ఇన్‌స్టెన్స్ ఉండటమే ప్రొఫెషనల్

చాలాసార్లు ఒకే ఇన్‌స్టెన్స్‌లో వేరే డేటాబేస్, వేరే యూజర్ చాలు. ఇన్‌స్టెన్స్ పెరిగిన కొద్దీ ప్యాచింగ్, మానిటరింగ్, బ్యాకప్ అన్నీ అన్ని రెట్లవుతాయి. నేను విడగొట్టమనేది మూడు కారణాలకే: వెర్షన్ వేరు కావాలి, రీస్టార్ట్ టైము వేరు కావాలి, లేదా ఒక్కదాన్నే వెనక్కి తిప్పాల్సి రావచ్చు. మూడోది పోస్ట్‌గ్రెస్‌లో ముఖ్యం. వాల్ లాగ్ (మార్పులన్నీ ముందుగా రాసుకునే లాగ్) ఇన్‌స్టెన్స్ మొత్తానికీ ఒకటే. పాయింట్ ఇన్ టైమ్ రికవరీ చేస్తే అందులోని డేటాబేస్‌లన్నీ కలిసి వెనక్కి పోతాయి. ఒక్కటే కావాలంటే మొత్తాన్నీ వేరే చోట రీస్టోర్ చేసి, అందులోంచి డంప్ తీసుకోవాలి.

అపోహ: డాకర్‌లో పెడితే ఇవేవీ అక్కర్లేదు

డాకర్ ప్రోగ్రామ్‌ను కంటెయినర్ అనే విడి డబ్బాలో నడుపుతుంది. పోర్ట్, ఫైళ్ల గొడవ తగ్గుతుంది, నిజమే. మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే లినక్స్‌లో ఒక హోస్ట్‌కు ఒకే ఇన్‌స్టెన్స్‌కు సపోర్ట్ ఉంది, రెండోది కావాలంటే కంటెయినరే దారి. కానీ కెర్నల్, డిస్క్ ఉమ్మడే, హద్దులు మీరు పెడితేనే ఉంటాయి. పైగా డాకర్ స్టాప్ డిఫాల్ట్‌గా 10 సెకన్లు ఆగి ప్రాసెస్‌ను బలవంతంగా చంపేస్తుంది. పెద్ద బఫర్ పూల్ ఉన్న సర్వర్ డర్టీ పేజీలన్నీ (ఇంకా డిస్క్‌కు చేరని మార్పులు) రాసి దిగడానికి ఆ టైము సరిపోదు. మళ్లీ స్టార్ట్ చేసినప్పుడు క్రాష్ రికవరీలోకి పోతుంది. స్టాప్ టైమ్‌అవుట్ పెంచి పెట్టుకోండి.

అపోహ: బ్యాకప్ స్క్రిప్ట్ కాపీ చేసి ఫైల్ పేరు మారిస్తే రెండో ఇన్‌స్టెన్స్‌కూ సరిపోతుంది

స్క్రిప్ట్‌లో సాకెట్ చెప్పకపోతే మైఎస్‌క్యూఎల్‌డంప్ డిఫాల్ట్ సాకెట్‌కే పోతుంది. ఫోల్డర్‌లో రెండు పేర్లతో రెండు ఫైళ్లు పడతాయి, రెండిట్లోనూ ఉండేది మొదటి సర్వరే. పాస్‌వర్డ్ ఇద్దరికీ ఒకటే పెట్టి ఉంటే, బహుశా ఉంటుంది కూడా, ఎర్రర్ కూడా రాదు. డంప్ మొదలయ్యే ముందు స్క్రిప్టే పోర్ట్ అడిగి, అనుకున్నది కాకపోతే ఆగిపోవాలి. క్రాన్‌లో (టైము ప్రకారం పనులు నడిపేది) అన్నిటికీ రాత్రి 2 గంటలు పెట్టకుండా ఫ్లాక్ కమాండ్‌తో ఒకే లాక్ ఫైల్ ఇస్తే ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి.