నిలువ నీడ లేనివారి మధ్య క్రైస్తవ సేవ: అపోహలు - వాస్తవాలు

అపోహ: ముందు వాక్యం, ప్రార్థన, ఆ తర్వాతే భోజనం.

చనిపోతే బాగుండునని ఏలీయా బదరీవృక్షం కింద పడుకున్నప్పుడు దూత వచ్చి ముందు చూపించింది రొట్టె, నీళ్లు. తిన్నాక మళ్లీ పడుకుంటే పడుకోనిచ్చి, రెండోసారి లేపి తినమన్నాడు (1 రాజులు 19). ఆకలితో ఉన్నవారికి షరతు పెట్టి అన్నం పెట్టడం బేరమే అవుతుంది. "మీ కోసం ప్రార్థన చేయమంటారా?" అని అడగండి. వద్దంటే అక్కడితో ఆపేయండి. వచ్చే వారం కూడా అదే భోజనం, అదే మర్యాద అందాలి.

అపోహ: దుప్పటి కప్పితే చలి సమస్య తీరినట్టే.

ఒంట్లో వేడిని నేల కూడా లాగేస్తుంది. కింద ఏమీ లేకుండా పైన రెండు దుప్పట్లు కప్పినా వణుకు తగ్గదు. ముందు ప్లాస్టిక్ పట్టా, దాని మీద విప్పిన అట్టపెట్టెలు రెండు మూడు పొరలు, ఆపైన పడక. అట్ట తడిస్తే పనికిరాదు, మార్చేయాలి.

దుప్పటి తర్వాత చూడాల్సింది పాదాలు. వీటిని పట్టించుకునేవారు తక్కువ. రోజుల తరబడి తడి మేజోళ్లలో నానిన పాదం పాలిపోయి, ముడతలు పడి, మొద్దుబారుతుంది. దాన్ని గోరువెచ్చని నీళ్లతో కడగాలి. నీళ్ల వేడి చూడాల్సింది మీ మోచేత్తో, ఎందుకంటే మొద్దుబారిన కాలికి కాలుతున్నా తెలియదు. తువాలుతో రుద్దకుండా అద్దండి, వేళ్ల సందుల్లో తడి మిగలకూడదు. మనిషికి రెండు జతల మేజోళ్లు ఇవ్వండి: ఒకటి కాళ్లకు, ఒకటి ఆరడానికి. వేలు నల్లబడినా, పుండు వాసన వస్తున్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. శిష్యుల పాదాలు కడిగిన ప్రభువును ప్రకటించేవాళ్లం, పళ్లెం, తువాలు మన సంచిలో ఉండొద్దా?

అపోహ: తాగుడు మానేస్తానని ఒట్టు వేయిస్తే సగం పని అయినట్టే.

ఇది ప్రాణం మీదికి తెచ్చే అపోహ. ఏళ్లుగా రోజూ విపరీతంగా తాగేవారు ఉన్నపళంగా ఆపేస్తే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు జ్వరం, భ్రమలు, తీవ్రమైన వణుకు మొదలై మనిషి చనిపోవచ్చు కూడా. మానాలనుకోవడం మంచిదే, కానీ అది వైద్యుల పర్యవేక్షణలో జరగాలి.

'ముందు మానాలి, తర్వాతే ఇల్లు' అన్న లెక్క కూడా సరికాదు. 1992లో న్యూయార్క్‌లో మొదలైన 'హౌసింగ్ ఫస్ట్' పద్ధతి ముందు ఇల్లు ఇచ్చి, చికిత్సకు తర్వాత తోడ్పడుతుంది. ఫిన్లాండ్ 2008 నుంచి దీన్ని జాతీయ విధానంగా అమలు చేస్తోంది. తలుపు వేసుకుని నిద్రపోయే చోటు లేకుండా మందులు వేళకు వేసుకోమనడం ఎంత కష్టమో ఆలోచించండి.

అపోహ: ఎంతమంది వెళితే అంత మంచిది.

గుంపును చూస్తే బెదిరిపోతారు. ఇద్దరు ముగ్గురు చాలు. నిద్రపోతున్నవారిని తట్టి లేపొద్దు; కాళ్ల వైపు, కాస్త దూరంగా నిలబడి మాటతో పలకరించండి. ఫొటోలు అసలే వద్దు. ఇంట్లో దెబ్బలకు తాళలేక పారిపోయి వచ్చినవారి జాడ ఆ ఫొటోతోనే బయటపడుతుంది.

అపోహ: నిరీక్షణ కలిగించడమంటే "అంతా బాగైపోతుంది" అని చెప్పడం.

మన నిరీక్షణ క్రీస్తు పునరుత్థానం మీద నిలిచింది, మన నోటి హామీల మీద కాదు. ఉద్యోగం, ఇల్లు ఇప్పిస్తామని అనకండి. మంచి సమరయుడు పూటకూళ్లవాడికి రెండు దేనారాలు ఇచ్చి, మిగతా ఖర్చు తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు (లూకా 10:35). మనం కూడా చేయగలిగినంతే చెప్పాలి. మంగళవారం సాయంత్రం 6 గంటలకు వస్తామంటే వానైనా 6కి అక్కడ ఉండాలి. పేరు, అడిగిన వస్తువు, చెప్పులైతే సైజు చిన్న పుస్తకంలో రాసుకోండి. మీరు రాలేని వారం ఉంటే ముందు వారమే చెప్పి, మీ బదులు వచ్చేవారిని అప్పుడే పరిచయం చేయండి.