నీలి తెర వచ్చిందా? డిస్క్ పోలేదు, డ్రైవర్ లేదు

2023 నవంబరులో వీఎమ్‌వేర్‌ను బ్రాడ్‌కామ్ కొన్నాక చాలామంది తమ వర్చువల్ మెషీన్లను (సాఫ్ట్‌వేర్‌లో నడిచే కంప్యూటర్లను) అలాంటిదే మరో వేదికైన ప్రాక్స్‌మాక్స్‌కు మార్చుకుంటున్నారు. నేను చేసే పనీ అదే. నాకు తరచూ వచ్చే ఫోన్: "విండోస్ సర్వర్ ఆన్ చేస్తే నీలి తెర, ‘ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్’ అంటోంది. డేటా పోయిందా?"

అపోహ: డిస్క్ పాడైంది, మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి.

వాస్తవం: మార్చిన వెంటనే ఈ తెర వస్తే ముందు అనుమానించాల్సింది డ్రైవర్‌ని, అంటే పరికరంతో మాట్లాడే సాఫ్ట్‌వేర్‌ని. విండోస్‌ను లేపే బూట్‌లోడర్, మెషీన్‌లోనే ఉండే ఫర్మ్‌వేర్ సాయంతో డిస్క్ చదువుతుంది, అందుకే విండోస్ లోగో దాకా వస్తుంది. ఆ తర్వాత కెర్నెల్ (విండోస్ ప్రధాన భాగం) సొంత డ్రైవర్‌తో చదువుకోవాలి. వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన వర్ట్‌ఐఓ డిస్క్ కంట్రోలర్‌కు విండోస్‌తో పాటు డ్రైవర్ రాదు, అక్కడ ఆగిపోతుంది. ఒకచోట టెన్షన్‌లో అదే డిస్క్‌పై మళ్లీ ఇన్‌స్టాల్ చేశారు. అసలు డేటా పోయింది అప్పుడే. ఆ రోజు నాకింకా బాధే.

అపోహ: వర్ట్‌ఐఓ డ్రైవర్లు ముందే ఇన్‌స్టాల్ చేశాం, ఇక బూట్ అవ్వాల్సిందే.

వాస్తవం: ఆ కంట్రోలర్‌ను ఒక్కసారైనా కళ్లారా చూడకపోతే విండోస్ ఆ డ్రైవర్‌ను బూట్ సమయానికి సిద్ధం చేయకపోవచ్చు. ఫైళ్లు లోపల ఉన్నా పనికిరావు. అందుకని ముందు బ్యాకప్ తీసుకోండి. సిస్టమ్ డిస్క్‌ను సాటాకో ఐడీఈకో (విండోస్‌కు ముందే తెలిసిన కంట్రోలర్ రకాలు) మార్చండి. 1 జీబీ ఖాళీ డిస్క్‌ను వర్ట్‌ఐఓ స్కజీ కింద తగిలించి బూట్ చేయండి. డివైస్ మేనేజర్‌లో కనిపించే కొత్త కంట్రోలర్‌కు వర్ట్‌ఐఓ డ్రైవర్ల ఐఎస్‌ఓ (డిస్క్ ఇమేజ్ ఫైలు) లోని ‘వీఐఓస్కజీ’ డ్రైవర్ ఇవ్వండి. ‘వీఐఓస్టోర్’ వేరు, అది వర్ట్‌ఐఓ బ్లాక్ అనే ఇంకో రకం కంట్రోలర్‌కు. చాలామంది తడబడేది ఇక్కడే. తర్వాత మెషీన్ ఆపి, ఖాళీ డిస్క్ తీసేసి, సిస్టమ్ డిస్క్‌ను స్కజీకి మార్చండి. బూట్ ఆర్డర్‌లో దాన్ని మళ్లీ ఎంచుకోవడం మరవద్దు. బిట్‌లాకర్ (విండోస్ డిస్క్ ఎన్‌క్రిప్షన్) ఉంటే రికవరీ కీ ముందే చేతిలో ఉండాలి.

అపోహ: సాటాతో నడుస్తోంది కదా, అలాగే వదిలేద్దాం.

వాస్తవం: నడుస్తుంది. కానీ వర్ట్‌ఐఓ కంటే నెమ్మది, డేటాబేస్ సర్వర్‌కు అది భరించలేనిది.

అపోహ: లినక్స్‌కు ఈ బాధ లేదు.

వాస్తవం: ఉంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైళ్ల మూటను) పాత హార్డ్‌వేర్‌కు సరిపడా మాత్రమే కట్టి ఉంటే అందులో వర్ట్‌ఐఓ మాడ్యూల్ (డ్రైవర్) ఉండదు. రెస్క్యూ కెర్నెల్‌తో లేపి డ్రాకట్ అనే టూల్‌తో ఆ మూటను మళ్లీ కట్టించాలి.

ఇంకొకటి. విండోస్ బూట్ అయ్యాక డీ డ్రైవ్ కనిపించకపోతే కంగారుపడొద్దు. కంట్రోలర్ మారినప్పుడు విండోస్ సర్వర్ డేటా డిస్కులను ఆఫ్‌లైన్‌లో పెట్టేయవచ్చు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కుడి క్లిక్ చేసి ఆన్‌లైన్ చేయండి. ‘ఇనిషియలైజ్’ అని అడిగితే మాత్రం దయచేసి నొక్కకండి.